దృగ్గణిత వ్రతి శ్రీ చింతామణి రఘునాథాచార్యులు

కాలము భగవత్స్వరూపమని మన పెద్దలు చెప్పుచుందురు. సూర్యచంద్రులు ఆ పరమపురుషుని నేత్రములుగా వర్ణింపబడుచున్నారు. వైష్ణవ గృహమున ఏకాదశీ ఉపవాసము, ద్వాదశీ పారణము, గ్రహణస్నానము, శ్రాద్ధతిథి మొదలగు సమస్త కర్మలును ఆ రెండు నేత్రముల చలనమును బట్టియే నిర్ణయింపబడును. నూతన సంవత్సరారంభమున పంచాంగమును పూజించి, దానిని దేవుని గూటియందు భద్రపరచి, సంవత్సరమంతయు దాని మాటను జవదాటక నడచుకొను సంసారములు గోదావరీ తీరమున నేటికిని వేలకొలదిగా నున్నవి. అయితే ఆ పంచాంగములోని ఘడియలు ఆకాశముననున్న చంద్రునితో సరిపోవుచున్నవా యను ప్రశ్న ఎంతమందికి కలుగును? ఆ ప్రశ్నను జీవితవ్రతముగా స్వీకరించి, సుమారు నాలుగు దశాబ్దములు రాత్రులు మేల్కొని నభోమండలమును పరిశీలించిన మహనీయుడొకడు గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున దక్షిణదేశమున జన్మించెను. ఆయనయే శ్రీ చింతామణి రఘునాథాచార్యులు. ఆయన చరిత్రము జ్యోతిషజ్ఞులకే గాక, ఏకాదశిని శ్రద్ధతో ఆచరించు ప్రతి వైష్ణవునికిని శ్రవణయోగ్యము.

ఆచార్యులవారు తమిళదేశమున పంచాంగ గణన కులవృత్తిగా గల కుటుంబమునకు చెందినవారు. చింతామణి యనునది ఆ వంశనామము. తిథి వార నక్షత్ర యోగ కరణములను గుణించి గ్రామ ప్రజలకు చెప్పుట ఆ యింటి ధర్మము. అట్టి గృహమున బుట్టిన బాలునకు అంకెలు ఉగ్గుపాలతో అబ్బినవనుట అతిశయోక్తి గాదు. కాని విధి ఆయనను కేవలము తాళపత్రముల యొద్దనే నిలుపలేదు. ఆయన యౌవనారంభమున చెన్నపురిలోని నక్షత్రశాలయందు ఉద్యోగిగా ప్రవేశించిరి.

ఆ నక్షత్రశాలను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. విలియం పెట్రీ యను దొర 1786లో తన సొంత ధనముతో దానిని ఆరంభించెను. పిమ్మట ఈస్టిండియా కంపెనీవారు దానిని స్వీకరించి, 1792లో నుంగంబాకమునందు భవనము గట్టించిరి. యంత్రము కదలకుండుటకై అచ్చట నిలిపిన ఏకశిలాస్తంభము నేటికిని నిలిచియున్నది. ఆ రాతిపై చెక్కించిన భాషలలో మన తెలుగును గలదు. ఇంగ్లాండునుండి వచ్చిన విద్యయైనను, ఈ దేశపు ప్రజలకు తెలియవలెనను సంకల్పము ఆ శిలాక్షరములయందు కనబడుచున్నది. ఆ సంకల్పమును నిజముగా నెరవేర్చినవాడు మాత్రము, ఆ స్తంభము నెత్తించిన దొరలు గాక, వారి తరువాత అచ్చట చిన్న ఉద్యోగమున జేరిన మన రఘునాథాచార్యులే.

ఆయన క్రమముగా యంత్రప్రయోగమున నిపుణులై, నక్షత్రములు యామ్యోత్తరరేఖను దాటు క్షణమును గుర్తించుటయందు మేటియనిపించుకొని, ప్రధాన సహాయక పదవి నధిష్ఠించిరి. 1861లో నార్మన్ పాగ్సన్ అను ఖగోళజ్ఞుడు చెన్నపురి నక్షత్రశాలకు అధిపతిగా వచ్చెను. మరుసటి సంవత్సరమున క్రొత్తగా నెలకొల్పబడిన యామ్యోత్తర యంత్రముతో వేలకొలది నక్షత్రముల స్థానములను నిర్ణయించు మహాకార్యము ఆరంభమయ్యెను. అందు ప్రధాన భారము వహించినవారిలో రఘునాథాచార్యులొకరు. ఆ పని యెట్టిదో పాఠకులు ఊహింతురు గాక. ఊరు నిద్రించుచుండగా కన్నార్పక దుర్భిణియందు చూచుట, గడియారపు చప్పుడును లెక్కించుట, అంకెలు వ్రాసికొనుట, తెల్లవారిన పిమ్మట ఆ అంకెలను శోధించుట. ఒక రాత్రి గాదు, ఒక సంవత్సరము గాదు, జీవితకాలమంతయు నిదియే తపస్సు.

ఆ తపస్సునకు 1867లో ఒక ఫలము లభించెను. దక్షిణాకాశమున రెటిక్యులం అను చిన్న నక్షత్రమండలమునందు ఒక తార వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండుటను ఆచార్యులవారు కనుగొనిరి. సుమారు 278 దినముల కొకమారు తన కాంతిని చక్రమువలె మార్చుకొను ఆ తారకు లోకమున నేటికిని ఆర్. రెటిక్యులీ యను పేరు చెల్లుచున్నది. ఆధునిక కాలమున భారతీయుడొకడు ఇట్టి చరకాంతి తారను కనుగొనుటకు ఇదియే తొలి దృష్టాంతముగా విజ్ఞులు గణింతురు.

ఇంక ఆచార్యులవారిని మన ఆంధ్రదేశముతో ముడివేసిన మహాసంఘటనము. విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య మంగళవారము, అనగా 1868 ఆగస్టు 18వ తేది ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. ఆ ఛాయ బిజాపురము మొదలుకొని వనపర్తి, గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా తూర్పు సముద్రమును జొచ్చెను. మన గోదావరీ మండలమందంతటను ఆ ఉదయమున సూర్యబింబము మిక్కిలిగా మరుగుపడెను.

గ్రహణమన నేమి? చంద్రుడు భూమి చుట్టును, భూమి సూర్యుని చుట్టును తిరుగుచుండగా, అమావాస్యనాడు చంద్రుడు సూర్యునికిని భూమికిని నడుమ వచ్చును. అయినను ప్రతి అమావాస్యకు గ్రహణము రాదు. చంద్రుడు నడచు మార్గము సూర్యుడు కనబడు మార్గమునకు సుమారు అయిదు భాగలు వాలియుండుటయే దీనికి కారణము. ఆ రెండు మార్గములు ఖండించుకొను స్థానములనే మనవారు రాహుకేతువులని వ్యవహరించిరి. అమావాస్య ఆ స్థానముల సమీపమున సంభవించినపుడే సూర్యగ్రహణము, పూర్ణిమ సంభవించినపుడే చంద్రగ్రహణము. ఆ స్థానములును స్థిరములు గావు. అవి వెనుకకు జరుగుచు సుమారు పదునెనిమిదిన్నర సంవత్సరములలో ఒకమారు చుట్టివచ్చును. క్రీ.శ. 499 నాటి కాలమునకే ఆర్యభటాచార్యుడు గ్రహణమునకు ఛాయయే కారణమని స్పష్టపరచియుండెను. గ్రహణస్నానమునకు గోదావరికి బోవు భక్తుడు ఈ సత్యము నెరిగినంతమాత్రమున స్నానఫలమునకు లోపము రాదు. అది భగవంతుని నియమనము యొక్క సౌష్ఠవమును తెలిసి మునుగుటయే యగును.

ఇందు మరియొక వింత గలదు. సూర్యుని వ్యాసము చంద్రుని వ్యాసమునకు సుమారు నాలుగు వందల రెట్లు. సూర్యుడున్న దూరమును చంద్రుడున్న దూరమునకు ఇంచుమించు అన్ని రెట్లే. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నుండగా సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. అందుచేత రెండు బింబములును మన కన్నులకు ఒకే పరిమాణమున దోచును. చంద్రుడు భూమికి దగ్గరగానున్న సమయమున అమావాస్య తటస్థించినచో సూర్యుని పూర్తిగా మరుగుపరచును. 1868 నాటి గ్రహణమున సంపూర్ణగ్రాసము మన దేశమునందే అయిదు నిమిషములకు మించి నిలిచెను. ఇంత దీర్ఘమైన సంపూర్ణగ్రాసము అరుదు గనుక దూరదేశముల శాస్త్రజ్ఞులు సయితము ఓడలెక్కి ఆంధ్రతీరమునకు వచ్చిరి. ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెన్ పండితుడు గుంటూరున మకాము చేసెను. పాగ్సన్ మచిలీపట్టణమున నిలిచెను. చెన్నపురి నక్షత్రశాల పంపిన రెండవ బృందమునకు నాయకుడై రఘునాథాచార్యులు నిజాము రాజ్యమునందలి వనపర్తికి వెడలిరి.

శ్రావణమాసము వర్షర్తువు. మబ్బు ఎచ్చట కమ్మునో, ఎచ్చట విడుచునో ఎవరికెరుక? ఒకచోట దర్శనము తప్పినను మరియొకచోట దక్కవలెనని పరిశీలకులు వేర్వేరు తావుల నిలిచిరి. స్పర్శము, నిమీలనము, ఉన్మీలనము, మోక్షము అని మన సిద్ధాంతగ్రంథములు చెప్పు నాలుగు ఘట్టముల కాలములను క్షణములతో గూడ గుర్తించుట, నల్లని బింబము చుట్టును వెలుగు కాంతిమండలమును పరిశీలించుట వారి కర్తవ్యము. తాతముత్తాతలు లెక్కలలో చూచిన నిమీలనోన్మీలనములను ఆచార్యులవారు దుర్భిణియందు ప్రత్యక్షముగా దర్శించు భాగ్యము వనపర్తియందు కలిగెను. ఆ గ్రహణమునాడు గుంటూరున జాన్సెన్ సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని విభజించి చూచెను. ఆ గ్రహణపు పరిశీలనలయందు కనబడిన ఒక పసుపురేఖను బట్టి, తరువాతి కాలమున హీలియము అను నూతన పదార్థము ఉనికి తెలిసెను. 1895లో గాని అది భూమిపై దొరకలేదు. ఇట్లు మన కృష్ణాతీరపు ఆకాశము లోకమునకొక క్రొత్త పదార్థమును చూపినదయ్యెను.

1871 డిసెంబరు 12వ తేదీన మరల దక్షిణదేశమున సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దానిని ఆచార్యులవారు కోయంబత్తూరు ప్రాంతమునందలి అవినాశి క్షేత్రమున పరిశీలించిరి. 1872లో లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా గౌరవించిరి. పంచాంగముల ఇంటి బిడ్డకు విదేశీయ పండితసభలో పీఠము లభించినది. అయినను ఆయన మనస్సు ఆ గౌరవమునందు తగుల్కొనలేదు. ఆయన చింత అంతయు స్వదేశీయుల ఇండ్ల గూళ్లలోనున్న పంచాంగము మీదనే.

ఆ చింతకు కారణమేమో తెలిసికొనవలెనన్న తిథి యెట్లు పుట్టునో ముందుగా చెప్పవలెను. అమావాస్యాంతమున సూర్యచంద్రులు ఒక్కచోట నుందురు. చంద్రుడు దినమునకు సుమారు పదుమూడు భాగలు, సూర్యుడు సుమారు ఒక భాగ నడచుటచేత వారి నడుమ దూరము దినమునకు పండ్రెండు భాగలు పెరుగును. ఆ పండ్రెండు భాగల యంతరమే ఒక తిథి. ముప్పది తిథులకు చక్రము పూర్తియై మరల అమావాస్య వచ్చును. చంద్రుడు సమవేగమున నడచినచో ప్రతి తిథియు నించుమించు సమానముగా నుండును. కాని చంద్రుని నడక అట్టిది గాదు. భూమికి దగ్గరైనపుడు వడిగాను, దూరమైనపుడు మందముగాను పోవును. దీనికి మన పూర్వులు మందఫలమను సంస్కారము నేర్పరచిరి. అది సత్యమే. అయినను చాలదు. భూమి యొక్కతెయే చంద్రుని లాగుటలేదు. సూర్యుడును లాగుచున్నాడు. చంద్రుడు సూర్యునికి ఎట్టి దిక్కున నున్నాడను దానిని బట్టి ఆ ఆకర్షణ చంద్రగతిని కొంత మార్చును. పూర్ణిమా అమావాస్యలయందు మందఫలమొక్కటియే ఇంచుమించు సరిపోవును. అష్టమి ప్రాంతమున భేదము హెచ్చును. ఏకాదశియందును అది లెక్కింపదగినంత యుండును. ఒక్కొక్కప్పుడు ఆ భేదము కొన్ని గంటల కాలమునకు సమమగును.

ఇది పాశ్చాత్యులు మాత్రమే యెరిగిన విషయమనుకొనరాదు. శాలివాహన శకము 854, అనగా క్రీ.శ. 932 ప్రాంతమున ముంజాలాచార్యుడు తన లఘుమానసమున చంద్రునికి రెండవ సంస్కారమును చెప్పియే యున్నాడు. కాని ఆ మార్గము సామాన్య పంచాంగ గణనలో పాదుకొనలేదు. పండితులు బాణవృద్ధి రసక్షయమను నియమమును పట్టిరి. అనగా తిథి పెరిగినచో అరువదియైదు ఘడియలకును, తరిగినచో ఏబదినాలుగు ఘడియలకును మించరాదని అర్థము. దృగ్గణితమున వచ్చునది సప్తవృద్ధి దశక్షయము. అందు తిథి అరువదియేడు ఘడియల వరకు పెరుగును, ఏబది ఘడియల వరకు తరుగును. ఘడియ యనగా ఇరువదినాలుగు నిమిషములు గదా! ఈ భేదము చిన్నది గాదు. దీనికితోడు వందలయేండ్ల క్రిందట స్థిరపరచిన మధ్యమగతులలోని సూక్ష్మలోపములు కాలక్రమమున పోగుపడి, గ్రహణకాలములు సయితము తప్పుటకు కారణమయ్యెను.

ఈ భేదము వైష్ణవునికి ఎట్లు తగులునో ఒక దృష్టాంతము చూతము. సూర్యోదయమునకు పూర్వము నాలుగు ఘడియలు అరుణోదయకాలము. ఆ కాలమున దశమి స్పర్శ యున్నచో ఆ ఏకాదశి విద్ధమని విడిచి, మరునాడు ఉపవసించుట మన సంప్రదాయము. ఒక గణితము ప్రకారము దశమి ఏబదియైదు ఘడియలకు ముగిసినదనుకొందము. ఏబదియారవ ఘడియనుండి అరుణోదయము గనుక దశమీవేధ లేదు. తెల్లవారిన దినముననే ఉపవాసము. వేరొక గణితము ప్రకారము అదే దశమి ఏబదియెనిమిది ఘడియల వరకు నున్నది. అప్పుడు అరుణోదయమునందు దశమి ప్రవేశించినది గనుక ఉపవాసము మరుసటి దినమునకు మారును. కేవలము మూడు ఘడియల భేదమునకు ఒక దినము మారిపోయెను. ఒక ఇంట అన్నము వండుకొను దినమున పొరుగింట నిరాహారముగా నుందురు. ఇరువురును భక్తులే. ఇరువురును పంచాంగమును నమ్మినవారే. మరి చంద్రుడు ఎవరి పక్షమున నున్నాడు?

రఘునాథాచార్యులు ఈ ప్రశ్నకు సమాధానమును గ్రంథమునందు గాక గగనమునందు వెదకిరి. 1870 ప్రాంతమున ఆయన దృగ్గణిత పంచాంగమను పేర క్రొత్త పంచాంగమును ప్రకటింప నారంభించిరి. నౌకాయానమునకై ఇంగ్లాండున ప్రకటింపబడు సూక్ష్మగణితము నాధారముగా గొని, అందు సూర్యచంద్ర గ్రహస్థానములను మన తిథి నక్షత్రాదులలోనికి మార్చి, మన ఆచారమునకు అనుగుణముగా కూర్చిరి. లెక్క కంటికి సరిపోవలెననుట ఆయన కల్పించినది గాదు. దృక్తుల్యత సిద్ధాంతగ్రంథముల ఆశయమే. పూర్వాచార్యులు తమతమ కాలములయందు బీజసంస్కారములు చేయుచు వచ్చినదియు నందులకే. ఆయన తెంచిన దారమేమియు లేదు. తెగియున్న దారమును ముడివేసినవాడు మాత్రమే.

అయినను వాక్యగణితమునకు అలవాటుపడిన పండితులు పలువురు దీనిని అంగీకరింపరైరి. వారి వాదమును తక్కువగా చూడరాదు. ధర్మకార్యముల ఫలము అదృష్టము, కంటికి కనబడునది గాదు. కావున దానికి నిమిత్తమైన తిథియు ఋషిప్రోక్త గణితమునుండియే రావలెను గాని యంత్రములనుండి గాదని వారి తలంపు. శ్రాద్ధతిథి నిర్ణయమునకు సంబంధించిన ధర్మశాస్త్ర వ్యవస్థ బాణవృద్ధి రసక్షయమును అనుసరించి యున్నదనియు వారనిరి. దృగ్గణిత పక్షమువారి సమాధానము వేరు. గ్రహణమునకు కన్నే ప్రమాణమని అందరును ఒప్పుకొనుచుండగా, ఆ సూర్యచంద్రులే చేయు ఏకాదశికి మాత్రము కన్ను ప్రమాణము గాకపోవుట యెట్లు? ఒకే చంద్రునికి రెండు స్థానములుండనేరవు గదా. ఈ వాదమున ఆచార్యులవారు పణముగా నొడ్డినది సామాన్యము గాదు. పంచాంగకర్తల ఇంట పుట్టినవాడు పంచాంగమును ప్రశ్నించినచో స్వజనము దూరమగు ప్రమాదము గలదు. అయినను ఆయన వెనుకంజ వేయలేదు. సంప్రదాయమును విడిచి పరిహాసము చేయు నవనాగరికుల గుంపునను కలియలేదు. ఆచారము నిలుపుటకే గణితమును దిద్దిరి.

1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబముమీదుగా చుక్కవలె దాటిపోవు అరుదైన ఘటన సంభవించెను. అంతకు పూర్వము అట్టిది 1769లో జరిగినది. మన కాలమున 2004లోను 2012లోను జరిగినది. భూమిపై వేర్వేరు స్థలములనుండి శుక్రుని దాటును చూచి, ఆ భేదమును బట్టి సూర్యుని దూరమును గణింపవచ్చును. ఈ విషయమును స్వదేశీయులకు బోధింపదలచి ఆచార్యులవారు ఒక చిన్న పుస్తకమును రచించిరి. ఆంగ్లమునందే గాక కన్నడము, ఉర్దూ మొదలైన దేశభాషలయందును అది వెలువడెను. ఆ రచనకు ఆయన ఎన్నుకొనిన రీతి మిక్కిలి మనోహరము. ఒక సిద్ధాంతి ప్రశ్నింపగా ఖగోళజ్ఞుడు సమాధానమిచ్చు సంవాదరూపమున దానిని కూర్చిరి. మన పురాణములు, ఆగమములు శిష్యుడడుగ గురువు చెప్పినట్లే గదా సాగును! పాతవారిని కించపరచక, వారి సందేహమునకు పెద్దపీట వేసి, మెల్లమెల్లగా సత్యమునొద్దకు గొనిపోవుట ఆయన పద్ధతి. అదే సంవత్సరమున చెన్నపురి పచ్చయప్ప విద్యాశాలా మందిరమున ఉపన్యసించి, స్వదేశీయులు జ్యోతిశ్శాస్త్రమును అభ్యసించుటకు సంఘమును, నక్షత్రశాలను నెలకొల్పుకొనవలెనని ప్రబోధించిరి.

ఆ దిశగా యోచించిన మహనీయులు తీరాంధ్రమునందును ఉండిరి. విశాఖపట్టణమున గోడే వేంకట జగ్గారావు జమీందారుగారు 1840 ప్రాంతమున తమ గృహావరణమునందే నక్షత్రశాలను గట్టించిరి. వారి అనంతరము అల్లుడైన అంకితం వేంకట నరసింగరావుగారు దానిని పోషించి, 1868 గ్రహణమును, 1874 శుక్రసంక్రమణమును పరిశీలించిరి. వారి పేర వెలసిన ఏ.వి.ఎన్. కళాశాల విశాఖలో ప్రసిద్ధము. ఇంకను ఉత్తరమునకు పోయినచో ఉత్కళదేశమున సామంత చంద్రశేఖరుడు దుర్భిణి యైనను లేక, వెదురుబద్దలతో జేసిన యంత్రములతో చంద్రగతిని కొలిచి సిద్ధాంతదర్పణమును రచించెను. పురీ జగన్నాథస్వామి సేవలకు ఆయన గణితము ఆదరపాత్రమైనది. ఒకరు విదేశీయ యంత్రముతో, మరియొకరు వెదురుబద్దతో చూచిరి. ఇరువురికిని కనబడిన చంద్రుడు ఒక్కడే.

శ్రమాధిక్యమున ఆచార్యులవారి ఆరోగ్యము క్షీణించెను. 1880 ఫిబ్రవరి 5వ తేదీన ఆయన పరమపదించిరి. దృగ్గణిత పంచాంగ కార్యము మాత్రము ఆగలేదు. సుందరేశ్వర శ్రౌతి, వేంకటేశ్వర దీక్షితులు మొదలైనవారు ఆ దీపమును ఆరనీయలేదు. కాశీయందు బాపూదేవశాస్త్రి, మహారాష్ట్రమున వేంకటేశ బాపూజీ కేత్కరు అదే మార్గమున పరిశ్రమించిరి. స్వాతంత్ర్యానంతరము భారత ప్రభుత్వము 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘమును నియమించెను. 1955లో ఆ సంఘము తన నివేదికను సమర్పించి, పర్వదినములను ప్రత్యక్షమునకు సరిపడు గణితముతో నిర్ణయింపవలెనని సూచించెను. ఆచార్యులవారు కన్నుమూసిన డెబ్బదియైదేండ్లకు ఆయన మాట దేశపు మాటయైనది. అయినను పూర్వగణిత పంచాంగములును, దృగ్గణిత పంచాంగములును రెండును నేటికిని మన ఇండ్లలో నున్నవి. కొన్ని సంవత్సరములలో పండుగ ఒకటియైనను దినములు రెండగుటకు ఇదియు నొక కారణము.

గోదావరీ మండలమువారికి ఈ సూర్యచంద్ర వ్యవహారమును బోధించుటకు గ్రంథములు చాల నక్కరలేదు. అంతర్వేదియే చాలును. వసిష్ఠ గోదావరి సాగరమున సంగమించు ఆ క్షేత్రమున మాఘమాసమున శ్రీ లక్ష్మీనృసింహస్వామికి కల్యాణోత్సవము, భీష్మైకాదశికి రథోత్సవము, పూర్ణిమకు సముద్రస్నానము జరుగును. పూర్ణిమనాడు స్నానమునకు దిగిన భక్తుడు పోటును గమనించినచో, అది అష్టమినాటి పోటుకన్న హెచ్చుగా నుండును. పూర్ణిమయందు, అమావాస్యయందు సూర్యచంద్రులు భూమితో నొకే వరుసన నిలిచి సముద్రజలమును కలసి లాగుదురు. అష్టమియందు ఒకరిలాగుడు ఒకరికి అడ్డమగును. ఇందు చంద్రుని బలము సూర్యుని బలమునకు రెట్టింపునకు మించినది. పడవను ఎప్పుడు నెట్టవలెనో తీరమునందలి జాలరికి ఈ పోటే తెలుపును. సముద్రము పంచాంగమును చదువదు. అది చంద్రుని చూచియే పొంగును. తిథి కాగితముమీద ముందువెనుకలైనను, సాగరమున అది తన క్షణమును తప్పదు. ఏ శక్తి సముద్రమును పొంగించుచున్నదో, ఆ శక్తియే చంద్రగతిని మార్చి మన ఏకాదశి ఘడియలను పెంచుచు తరించుచు నున్నది. రఘునాథాచార్యులు జీవితమంతయు వెదకినది ఆ తప్పని క్షణమునే.

భక్తమహాశయులారా! ఏ పంచాంగమును అనుసరింపవలెనను విషయమున మీమీ ఆచార్యుల ఆజ్ఞయే మీకు శిరోధార్యము. దానిని కాదనుట ఈ వ్యాసోద్దేశము గాదు. ఒక్క మనవి మాత్రము. పొరుగువారు మరునాడు ఉపవసించినచో వారిని నిందింపకుడు. వారి లెక్కకును వెనుక ఒక తపస్సు గలదు. ఈ మారు ఏకాదశినాటి సాయంకాలమున సంధ్యావందనమైన పిమ్మట పిల్లలను వెంటబెట్టుకొని పెరటిలోనికి వచ్చి, ఆకాశముననున్న చంద్రుని చూపుడు. శుక్లపక్షమైనచో సూర్యుడస్తమించిన స్థానమునకు ఆయన ఎంత దూరమున నున్నాడో చూపి, తిథి యనగా ఆ దూరమేయని చెప్పుడు. ఒక్కొక్క తిథికి పండ్రెండు భాగల చొప్పున ఆ దూరము పెరుగుచు పూర్ణిమకు చేరునని వారు తమ కన్నులతోనే తెలిసికొందురు. వాక్యగణితము నేర్చిన ఇంట పుట్టి, కన్నును గురువుగా గొని, స్వధర్మమును విడువక సత్యమును సేవించిన ఆ మహనీయునకు అంతకు మించిన అంజలి మరియొకటి లేదు.

కాలస్వరూపుడైన శ్రీమన్నారాయణుడు మన తిథులను, మన మతులను ఏకముఖముగా నడపించుగాక.